గాలికి కళ్లెం వేసిన ఇంజనీరు – విల్లిస్ కేరియర్

ప్రత్యేక సంచికకు గతించిన ఒక మహనీయుని జీవితాన్ని గురించి రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. దేశనాయకులను గురించీ, కవులను గురించీ రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు గనుక నేను ఒక ఇంజనీరును ఎంచుకున్నాను. రోహిణి కార్తెలో మన మనవలు రిమోట్ నొక్కగానే వచ్చే చల్లగాలికి మూలపురుషుడు ఆయన.

విల్లిస్ హావిలండ్ కేరియర్ 1876 నవంబరు 26న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో అంగోలా అనే పల్లెలో, వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. ఒక్కడే కొడుకు. భిన్నాలు బోధపడక అవస్థపడుతుంటే, తల్లి యాపిల్ పండ్లను కోసి సగం, పావు, అరపావు అని ముక్కలు పేర్చి లెక్క నేర్పిందట. ఆ తల్లి అతడికి పదకొండేళ్ల వయసులోనే కన్నుమూసింది. స్కాలర్‌షిప్పుతో కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదివి, 1901లో పట్టా పుచ్చుకుని, బఫెలో నగరంలోని ఒక ఫ్యాన్ల కంపెనీలో వారానికి 10 డాలర్ల జీతం మీద చేరాడు.

మరుసటి సంవత్సరమే అతని దగ్గరకు ఒక చిక్కు సమస్య వచ్చింది. బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయంలో రంగుల బొమ్మలు అచ్చువేసేటప్పుడు, గాలిలో చెమ్మ హెచ్చుతగ్గులను బట్టి కాగితం సాగడం, ముడుచుకోవడం జరిగేది. ఒక రంగు మీద మరో రంగు సరిగ్గా కూర్చునేది కాదు. శ్రావణ మాసంలో ఫైళ్లు మెత్తబడి, కవర్ల గమ్ము దానంతట అదే అతుక్కుపోయి, స్టెన్సిల్ కాగితాలతో కుస్తీపట్టిన మనవంటి గుమాస్తాలకు ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు. 1902 జులై 17 తేదీతో కేరియర్ గీసిన నమూనాలే నేటి ఎయిర్ కండిషనింగ్‌కు నాంది అంటారు. చల్లని గొట్టాల మీదుగా గాలిని పంపి, చెమ్మను 55 శాతం వద్ద నిలపడం దాని లక్ష్యం. అంటే ఆ మొదటి యంత్రం మనుషుల సుఖం కోసం కాదు, కాగితం కోసం! మా ఆఫీసులో కూడా అంతే. మేము సీలింగు ఫ్యాను కింద పేపరు వెయిట్లు పెట్టుకుని చెమటలు కక్కుతుంటే, ఏసీ మాత్రం కంప్యూటరు గదిలో ఉండేది.

అదే ఏడాది చివర పిట్స్‌బర్గ్ స్టేషన్లో రైలు కోసం ఎదురుచూస్తూ, దట్టమైన పొగమంచును చూసి అతనికి ఒక ఆలోచన తట్టింది. చల్లని నీటి తుంపరల గుండా గాలిని పంపితే ఆ గాలిలోని చెమ్మను కావలసిన మేరకు తగ్గించవచ్చునని. నీటితో గాలిని ఆరబెట్టడం వినడానికి వింతగానే ఉంటుంది. దానికి 1906లో పేటెంటు లభించింది. 1911లో గాలి, చెమ్మ, ఉష్ణోగ్రతల సంబంధాన్ని సూత్రాల రూపంలో ఇంజనీర్ల సభకు సమర్పించాడు. 1915లో మరి ఆరుగురు మిత్రులతో కలిసి 30 వేల డాలర్ల పైచిలుకు పెట్టుబడితో సొంత కంపెనీ పెట్టాడు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ తరువాతి భాగం. ఆ రోజులలో శీతల యంత్రాలలో అమ్మోనియా వాడేవారు. అది విషవాయువు, దాని పీడనమూ ఎక్కువే. జనం గుమిగూడే చోట పెట్టడం ప్రమాదం. కేరియర్ 1922లో తక్కువ పీడనంతో పనిచేసే సెంట్రిఫ్యూగల్ యంత్రాన్ని తయారుచేసి, అందులో డైలీన్ అనే ద్రవాన్ని వాడాడు. 1925లో న్యూయార్క్‌లోని రివోలీ థియేటరులో ఆ యంత్రం పెట్టబోతే నగర భద్రతాధికారి అనుమతి ఇవ్వలేదు. కేరియర్ ఆ అధికారి గదిలోనే ఒక పాత్రలో డైలీన్ పోసి, వెలిగించిన అగ్గిపుల్ల వేశాడు. ఆయన ఉలిక్కిపడ్డాడు గాని, ద్రవం పేలలేదు, మెల్లగా కాలింది. అనుమతి వచ్చింది. మే నెలాఖరున ప్రారంభం నాడు జనం విసనకర్రలతో వచ్చారు. హాలు చల్లబడేకొద్దీ ఆ విసనకర్రలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

తరువాత వచ్చిన వాయువులతో యంత్రాలు చిన్నవై ఇళ్లలోకి చేరాయి, కాని వాటితో పీడనం మళ్లీ పెరిగింది. పాత ఆర్-22 గ్యాసు 50 డిగ్రీల వద్ద చదరపు అంగుళానికి సుమారు 265 పౌన్ల ఒత్తిడి చూపుతుంది. ఆర్-410ఎ, ఆర్-32 రకాలలో అంతకు ఒకటిన్నర రెట్లు పైమాటే. అందుకే కొన్ని ఇళ్ల ఏసీలలో ప్రెషర్ స్విచ్ అనే చిన్న కాపలాదారు ఉంటుంది. ఒత్తిడి హద్దు దాటితే కరెంటు తెంచి కంప్రెసర్‌ను ఆపుతుంది.

ఒక వేసవిలో మా ఇంటి ఏసీ మిట్టమధ్యాహ్నం మాటిమాటికీ ఆగిపోసాగింది. వచ్చిన కుర్రవాడు ఆ స్విచ్చి తీగలు రెండూ కలిపేస్తే సరిపోతుందన్నాడు. నేను ససేమిరా అన్నాను. పక్కగదిలో పసివాళ్లు పడుకుంటారు. మరునాడు వచ్చిన పెద్ద మెకానిక్ మెయిన్ ఆపి, కెపాసిటర్‌లో మిగిలిన కరెంటు తీసేసి, స్విచ్చి తీగలు ఊడదీసి మల్టీమీటరు పెట్టాడు. యంత్రం చల్లారి ఉన్నప్పుడు ఆ స్విచ్చి కలిసే ఉండాలి, అంటే మీటరు సున్నా దగ్గరగా చూపాలి. అలాగే చూపింది. చల్లారిన తరువాత కూడా తెరుచుకునే ఉంటేనే స్విచ్చి చెడినట్టు. (గ్యాసు కారిపోతే ఆపే తక్కువ ఒత్తిడి స్విచ్చి వేరు, దానిని దీనితో కలగాపులగం చేయకూడదు.) స్విచ్చి తన పని తాను చేస్తోందని తేలాక, బయటి యూనిట్ వెనుక చూస్తే రేకుల నిండా దుమ్ము, పావురాల ఈకలు! వేడి బయటికి పోయే దారి లేక ఒత్తిడి పెరిగిందన్నమాట. శుభ్రంగా కడిగి, గేజి తగిలించి, నడిచేటప్పటి ఒత్తిడి కూడా చూసి వెళ్లాడు. మనలో ఎవరూ ఈ పనికి స్వయంగా పూనుకోవద్దని మనవి. దగ్గర నిలబడి, తీగలు కలపకుండా చూసుకుంటే చాలు.

కేరియర్ 1928లోనే ఇళ్లకు పనికివచ్చే యంత్రం తెచ్చినా, ఆర్థికమాంద్యం వచ్చి అది సాగలేదు. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో మంచుగుడిసె ఆకారంలో కట్టడం పెట్టి చల్లదనాన్ని జనానికి రుచి చూపించాడు. ఇద్దరు భార్యలను పోగొట్టుకుని 1941లో మూడవసారి వివాహమాడాడు. 1950 అక్టోబరు 7న, 73వ ఏట మరణించాడు. నేనూ ఇప్పుడు ఆ ఈడువాడినే. యుద్ధానంతరం ఇళ్లలో ఏసీలు విరివిగా అమ్ముడుపోవడం అప్పుడప్పుడే మొదలవుతోంది. ఆ వైభవాన్ని ఆయన పూర్తిగా చూడలేదు. తొలి ఉద్యోగం చేసిన బఫెలో నగరంలోనే ఆయన సమాధి ఉంది.