బిషప్ అజరయ్య దంపతుల పునరుత్థాన పండుగ

గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే ముందు చూసే చివరి ఊళ్ళలో మన యానాం ఒకటి. ఈ పట్టణానికి ఈస్టరు పండుగ క్రొత్తది కాదు. 1846లో నిర్మాణం పూర్తయిన సెయింట్ ఆన్స్ దేవాలయంలో ఫ్రెంచివారి ఏలుబడి నాటి నుండీ ఆ పండుగ జరుగుతూనే ఉన్నది. ఇదే గోదావరి వెంట ఎగువకు పోతే, భద్రాచలం దాటిన తరువాత దుమ్ముగూడెం వస్తుంది. అక్కడి క్రైస్తవ సంఘాలు ఒకప్పుడు దోర్నకల్ అధ్యక్ష ఖండంలో భాగం. ఆ ఖండానికి తొలి బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు. పండుగనాడు అందరి ఇళ్ళలోనూ విశ్రాంతి ఉంటుంది. సేవకుని ఇంట మాత్రం ఆనాడే పని ఎక్కువ. అట్టి కుటుంబాలలో పేరెన్నిక గన్నది వారిది.

అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి సీమలోని వెల్లాలన్‌విళై గ్రామంలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం గారు ఆ గ్రామ సంఘ గురువు. తల్లి ఎలెన్ గారు. ఆడబిడ్డ పుట్టిన పదమూడేండ్లకు, ఎన్నో ప్రార్థనల మీదట కలిగిన కుమారుడు కాబట్టి, బైబిలులోని హన్నా కథను తలచుకొని ఆమె బిడ్డకు సమూయేలు పేరు పెట్టుకున్నారు. 1889లో తండ్రి మరణించగా ఆ యిల్లాలే కుమారుని చదువు బాధ్యత వహించారు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చేరిన ఆ యువకుడు చివరి పరీక్షల వేళ జబ్బుపడి పట్టా పొందకుండానే బయటికి వచ్చారు. పరీక్షలే జీవితమని బెంగపడే నేటి విద్యార్థులు, వారికంటె ఎక్కువగా బెంగపడే తలిదండ్రులు గమనింపదగిన సంగతి ఇది. అదే వ్యక్తికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా ఉద్యోగంలో చేరారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడారు. దక్షిణాదిలో కళాశాల మెట్లెక్కిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. కట్నం లేదు, ఆర్భాటం లేదు. వివాహానికి అప్పులపాలు కావడం ఆనాడు కూడా మర్యాదగానే చెలామణి అయ్యేది గనుక, ఆ నిరాడంబరత చిన్న విషయం కాదు. వారికి ఆరుగురు బిడ్డలు కలిగారు.

ఆ బిడ్డల తండ్రి ఇంటిపట్టున ఉన్న రోజులు తక్కువ. 1902లో యాళ్పాణం వెళ్ళి అక్కడి తమిళ క్రైస్తవులు స్వంత ఖర్చుతో సువార్తికులను పంపుతున్న తీరు చూశారు. మరుసటి సంవత్సరమే తిరునల్వేలిలో భారతీయ మిషనరీ సంఘం వెలిసింది. 1905 క్రిస్మసు దినాన సేరాంపూరులో జాతీయ మిషనరీ సంఘం ఏర్పడింది. రెండింటి స్థాపనలోనూ ఆయన ముఖ్యులు. 1907లో ఈస్టరు మార్చి 31న వచ్చింది. ఆ వెంటనే, ఏప్రిల్ 3న, టోక్యోలో ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య మహాసభ మొదలైంది. అజరయ్య గారు ఆ సభకు వెళ్ళారు. ఓడ ప్రయాణాల కాలం అది. ఆ యేడు పునరుత్థాన పండుగ అన్బు గారు ఒంటరిగా బిడ్డలతో చేసుకొనవలసినదే. చరిత్ర గ్రంథాలు టోక్యో సభను గురించి పుటలకు పుటలు వ్రాస్తాయి. ఆ ఇంటిని గురించి వ్రాయవు.

ఇతరులను తెలుగు సీమకు పంపుతున్న మనిషి తానెందుకు వెళ్ళకూడదన్న ప్రశ్న ఆయనను నిలువనీయలేదు. 1909లో ఉద్యోగం వదిలి, గురుపట్టాభిషేకం పొంది, కుటుంబంతో సహా నిజాం రాజ్యంలోని దోర్నకల్ చేరారు. సింగరేణి బొగ్గు గనులకు రైలు మార్గం చీలే ఊరు అది. ముప్పై ఐదేండ్ల వయస్సులో తెలుగు అక్షరాలు దిద్ది, ఆ భాషలోనే బోధించి, పరీక్షించి, పరిపాలించారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. బిషప్‌గా వారికి తొలి ఈస్టరు 1913 మార్చి 23న వచ్చింది.

ఆ నాటి గ్రామాలలో ఈస్టరు ఎట్లుండేదో తెలిస్తేగాని ఆయన చేసిన పని విలువ తెలియదు. సంఘస్థులు చాలవరకు మాల, మాదిగ పల్లెలవారు, దినకూలీలు. మట్టల ఆదివారం మొదలు శుభ శుక్రవారం వరకు ఆరాధన నడిపేది ఉపదేశి. ఆయనే బడిపంతులు కూడాను. ఆదివారం తెల్లవారుజామున సమాధుల వద్ద దీపాలు వెలిగించి, సూర్యోదయ వేళ కీర్తనలు పాడే ఆచారం మన తెలుగు క్రైస్తవులకు నేటికీ ప్రియమైనది. వీటన్నిటికీ ఉపదేశి చాలును. ప్రభు భోజన సంస్కారానికి మాత్రం అభిషిక్తుడైన గురువు కావాలి. గురువు ఒక్కడు, గ్రామాలు అనేకం. ఒక్క దినాన ఆయన ఎన్ని ఊళ్ళకు పోగలడు? రొట్టె, ద్రాక్షారసం లేని ఈస్టరు ఎన్నో పల్లెలకు వచ్చి వెళ్ళేది. గురువు గారి బండి వచ్చిన నాడే వారికి పండుగ.

దీనికి అజరయ్య గారు కనుగొన్న మార్గం, ఆ పల్లెల నుండే గురువులను తీయడం. పెద్ద చదువులు లేని గ్రామీణులకు పట్టాభిషేకమా అని ఆక్షేపించినవారు లేకపోలేదు. ఆయన వెనుదీయలేదు. దోర్నకల్‌లో దైవజ్ఞాన పాఠశాల పెట్టారు. అందులో చేరినవారు భార్యాబిడ్డలతో వచ్చి అక్కడే కాపురముండేవారు. భర్తకు పాఠాలు జరుగుతుండగా భార్యకు కూడా తరగతులు ఉండేవి. నా దృష్టిలో ఆయన ఆలోచనలన్నిటిలోనూ గొప్పది ఇదే. పల్లెలో అయ్యగారికి ఎంత పని ఉంటుందో అమ్మగారికీ అంతే ఉంటుందని ఆయన తన యింటిలోనే చూశారు. స్త్రీల సమాజాలు, గురువుల భార్యల శిక్షణ అన్బు గారి చేతిమీదుగా సాగాయి. బిషప్ పర్యటనలకు ఎడ్లబండి మీద ఆమె కూడా బయలుదేరేవారు.

సంస్కార పాత్ర చుట్టూ మరొక చిక్కు ఉండేది. మాల సంఘస్థులు, మాదిగ సంఘస్థులు ఒకే పాత్రలో పాలుపొందడానికి వెనుకాడేవారు. బాప్తిస్మంతో కులం కడిగివేయబడదని అనుభవం చెబుతున్నా, ఆయన ఈ విషయంలో రాజీపడలేదు. చిన్ననాడు బడిలోనే సాటి క్రైస్తవ విద్యార్థుల కుల భేదాలను ఎదిరించినవారు మరి. బాప్తిస్మం పొందే ప్రతివారూ తమ చేతిని తమ తలపై ఉంచుకొని, సువార్త చెప్పకపోతే తమకు శ్రమయని పౌలు వలె పలకాలన్నది ఆయన పెట్టిన నియమం. అక్షరం రాని కూలి మనిషికి కూడా అది వర్తించేది. భజనలు, తిరునాళ్ళ వంటి మేళాలు, ఊరేగింపులు, పంట పండుగలు ఆరాధనలోనికి తెచ్చి, దొరల మతమన్న నిందను తొలగించడానికి ప్రయత్నించారు.

బయటి ప్రపంచంలో ఆయన కీర్తి వేరే కారణాల వలన వచ్చింది. 1910 ఎడిన్‌బరో మహాసభలో పాశ్చాత్య మిషనరీల త్యాగాన్ని మెచ్చుకుంటూనే, భారతీయులకు కావలసినది స్నేహమని నిర్మొహమాటంగా చెప్పి సభను కలవరపెట్టారు. మతాంతరీకరణ విషయమై గాంధీ మహాత్మునితో విభేదించారు. అయితే క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నవారూ ఆయనే. క్రైస్తవ శాఖల ఐక్యత కొరకు జీవితాంతం శ్రమించారు.

యేండ్ల తరబడి సాగిన దోర్నకల్ ఎపిఫనీ కథెడ్రల్ నిర్మాణం ముగిసి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. దేవాలయ మండపాల వంటి స్తంభాలు, మసీదుల వంటి గుమ్మటాలు గల ఆ కట్టడం తెలుగు నేల మీద పరాయిదిగా కనబడదు. ఆ యేడు ఈస్టరు ఏప్రిల్ 9న వచ్చింది. ఆయన జీవితంలో చివరి ఈస్టరు, 1944లో, కాకతాళీయంగా అదే తేదీన వచ్చింది.

1945 జనవరి 1న దోర్నకల్‌లో అజరయ్య గారు పరమపదించారు. ఆయన కోరిన ఐక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా రూపొందింది. దానిని చూసే భాగ్యం ఆయనకు లేకపోయింది. ఆయన లేని మొదటి ఈస్టరు 1945 ఏప్రిల్ 1న వచ్చింది. ఆ ఉదయం దోర్నకల్ ఖండపు పల్లెలలో రొట్టె విరిచి యిచ్చిన గురువులలో అత్యధికులు తెలుగువారు.