చాయ్ కప్పుల నవాబు: మూడో సాలార్ జంగ్ జీవితం

నిజామాబాద్‌లో, బోధన్‌లో పాత ఇళ్ళకు పోతే ఇప్పటికీ ఒక అద్దాల అల్మారీ కనిపిస్తుంది. అందులో దాదీ జహేజ్‌లో తెచ్చుకున్న చాయ్ సెట్టు ఉంటుంది. ఆరు కప్పుల్లో నాలుగే మిగిలి ఉంటాయి, చాయ్‌దానీ మూత అంచు పగిలి ఉంటుంది. అయినా ఈద్ వస్తేనో, సంబంధం చూడ్డానికి ఎవరైనా వస్తేనో తప్ప దాన్ని కిందికి దించరు. అసుంటి ముహబ్బత్ ఒక మనిషికి ప్రపంచంలోని కప్పులూ సాసర్లన్నిటి మీదా ఉంటే ఎట్లుంటదో చూడాలంటే హైదరాబాద్‌లో మూసీ ఒడ్డుకు పోవాలి. ఆయన పేరు నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్. లోకం ఆయన్ను మూడో సాలార్ జంగ్ అంటుంది.

1889 జూన్ 13న పూనాలో పుట్టారు. నెల కూడా నిండకముందే తండ్రి మీర్ లాయిఖ్ అలీ ఖాన్ ఇంతెఖాల్ అయ్యారు. అంటే తండ్రి ముఖం గుర్తుండే అవకాశమే లేదు. తాత మొదటి సాలార్ జంగ్ సంగతి మన జిల్లా వాళ్ళకు చెప్పనక్కర లేదు. 1853 నుంచి 1883 దాకా నిజాం రాజ్యానికి దీవాన్. 1865లో రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టిన జిలాబందీ ఆయన పనే. 1876లో యూరప్ పోయినప్పుడు ఇటలీలో కొన్నదే, పల్చటి ముసుగు వేసుకున్నట్టు కనిపించే రెబెక్కా పాలరాతి బొమ్మ. ఇంట్లో వస్తువులు పోగేసే అలవాటు అప్పటికే మొదలైందన్న మాట.

మనవడు నిజాం కాలేజీలో చదివారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయనకు సాలార్ జంగ్ ఖితాబు ఇచ్చారు. 1912లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆయన్ను దీవాన్ చేశారు. అప్పుడు వయసు 23 ఏళ్ళు. రెండేళ్ళు దాటి కొన్ని నెలలు గడిచాయో లేదో, 1914 నవంబర్‌లో పదవి వదిలేశారు. తాత ముప్పై ఏళ్ళు కూర్చున్న కుర్చీ అది. దాన్ని వదిలేసిన కుర్రాడికి మిగిలింది రెండే. చేతి నిండా జాగీర్ల ఆమ్దనీ, ముందర పెద్ద ఖాళీ జీవితం. పెళ్ళి చేసుకోలేదు.

ఆ ఖాళీని ఆయన సామానుతో నింపారు. యూరప్, అరబ్ దేశాలు తిరిగారు. కొన్నాళ్ళకు వ్యాపారులే పెట్టెలు పట్టుకుని దీవాన్ దేవిడీ గుమ్మం దగ్గరికి రావడం మొదలైంది. ఖత్తులు, గడియారాలు, ఖురాన్ ప్రతులు, కుర్చీలు, ఏదొస్తే అది. దాంట్లో చీనీ సామాను వాటా చాలా పెద్దది. ఫ్రాన్స్ నుంచి సేవ్ర్, జర్మనీ నుంచి డ్రెస్డెన్, ఇంగ్లండ్ నుంచి వెడ్జ్‌వుడ్, మింటన్, జపాన్ నుంచి సత్సుమా. కాగితం అంత పల్చగా ఉండే జపాన్ కప్పులు చూస్తే వీటిలో వేడి చాయ్ పోస్తే నిలుస్తాయా అని భయం వేస్తుంది. చైనా నుంచి వచ్చిన ఆకుపచ్చ సెలడాన్ పళ్ళేలూ ఉన్నాయి. విషం కలిసిన తిండి పెడితే ఈ పళ్ళెం పగులుతుందనో, రంగు మారుతుందనో అప్పట్లో నమ్మేవాళ్ళు. నవాబుల దస్తర్‌ఖాన్ మీద వీటికి అంత గిరాకీ ఎందుకో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఆయన కొన్నదంతా మేలిమి సరుకు కాదు. గొప్ప వస్తువు పక్కనే మామూలు వస్తువు ఉంటుంది. కళ తెలిసినవాళ్ళు ఈ మాట ఎప్పటినుంచో అంటున్నారు. మంచి చాయ్ సెట్టు ఎంచుకోవడం నిజంగానే కష్టం. సేవ్ర్ కార్ఖానా గుర్తు ఒకదాంట్లో ఒకటి చుట్టుకున్న రెండు ఎల్ అక్షరాలు, మధ్యలో ఏ సంవత్సరమో చెప్పే ఇంకో అక్షరం. 1710లో మొదలైన మైసెన్ కార్ఖానాది అడ్డంగా పెట్టిన రెండు నీలి కత్తులు. ఈ రెండు గుర్తులనూ ఎంతమంది నకలు చేశారో లెక్కే లేదు. అందుకే అడుగున ముద్ర చూసి మురిసిపోతే మోసపోతాం. కప్పును వెలుతురుకు పెట్టి చూడాలి. మంచి పోర్సలీన్ అయితే వెనక వేళ్ళ నీడ కనిపిస్తుంది. గోటితో మెల్లగా కొడితే ఖంగుమని మోగాలి. సన్నని వెంట్రుక పగులున్నా మోత చచ్చిపోతుంది. బంగారు గీత, చేయి తగిలే పిడి దగ్గర కొంచెం అరిగి ఉండటమే పాత సెట్టుకు సహజం. వందేళ్ళ కప్పు మీద బంగారం నిన్న పూసినట్టు మెరుస్తుంటే అనుమానించాలి. అన్నిటికన్నా ముఖ్యంగా చాయ్‌దానీ, పాల జగ్గు, షక్కర్‌దానీ, కప్పులు ఒకే చేతి రంగులో ఉన్నాయా లేదా చూడాలి. విడివిడిగా దొరికినవి కలిపి సెట్టు అని అమ్మడం ఇవాళ్టి కిటుకు కాదు.

ఇంత సామానుకు పైసలు ఎక్కడివి? కొప్పళ లాంటి జాగీర్ల నుంచి. అంటే నాగలి పట్టిన రైతు కట్టిన శిస్తు నుంచి. ఆ కప్పులో చాయ్ తాగే యోగం ఆ రైతుకు ఏనాడూ లేదు. నవాబు గారి షౌఖ్‌ను మెచ్చుకుంటూ ఈ లెక్క మరిచిపోతే తప్పే. మన దగ్గర బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది 1937లో, ఆయన బతికుండగానే. అదే రాజ్యంలో ఒకరు చెరకు కోస్తుంటే ఇంకొకరు వెండి చెంచాతో చక్కెర కలుపుకుంటున్న కాలం అది.

1949 మార్చి 2న ఆయన ఇంతెఖాల్ అయ్యారు. అదే ఏడాది ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. కొనే చేయీ పోయింది, కొనడానికి ఆమ్దనీ ఇచ్చే దారీ మూసుకుపోయింది. దేవిడీ గదుల్లో సామాను గుట్టలుగా ఉండిపోయింది. బిడ్డలు లేరు, హక్కు అడిగే బంధువులు మాత్రం ఎక్కువ. పంపకాలకు దిగి ఉంటే ఏమయ్యేదో మన ఇళ్ళలో చూసినవాళ్ళమే. చాయ్‌దానీ ఒక కోడలికి, కప్పులు ఇంకో కోడలికి, సాసర్లు కబాడీకి. హైదరాబాద్ రాజ్యంలో అప్పుడు పెద్ద అధికారిగా ఉన్న వెల్లోడి ఈ సామానును మ్యూజియం చేయాలని పట్టుబట్టారు. కళా విమర్శకుడు జేమ్స్ కజిన్స్ వస్తువులను ఒక తీరుకు తెచ్చారు. 1951 డిసెంబర్ 16న జవహర్‌లాల్ నెహ్రూ దీవాన్ దేవిడీలోనే మ్యూజియం తెరిచారు. (మన పోచంపాడ్ ప్రాజెక్టుకు 1963లో పునాది రాయి వేసిందీ ఆయనే.) ఆ తర్వాత కూడా వారసుల వ్యవహారం నడిచి, 1958 డిసెంబర్‌లో హైకోర్టు ద్వారా రాజీ కుదిరాకే సామాను సర్కారు చేతికి వచ్చింది. 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ సంస్థ అయింది. 1968లో మూసీ ఒడ్డున దారుల్‌షిఫా దగ్గర కొత్త బిల్డింగ్‌కు మారింది.

పిల్లలను తీసుకుపోయేవాళ్ళు గుర్తుంచుకోండి, జుమా రోజు మ్యూజియం బంద్. లోపలికి పోగానే అందరూ గంట కొట్టే మ్యూజికల్ క్లాక్ దగ్గరికే ఉరుకుతారు. గంట కొట్టాక గుంపు చెదిరిపోతుంది, అప్పుడు పడమటి బ్లాక్‌కు నడవండి. యూరప్ కప్పులూ చాయ్‌దానీలూ అక్కడే ఉన్నాయి. ఆ భవనానికి పెట్టిన పేరు మీర్ లాయిఖ్ అలీ ఖాన్, కొడుకు ఎరగని ఆ తండ్రిది.