టేబుల్ మీద మిగిలిపోయిన కాగితాలు

మనకి 'భారత రాజ్యాంగం' అని క్రెడిట్లు లేని సబ్జెక్ట్ ఒకటి ఉంటుంది కదా. పాసైతే చాలు, గ్రేడ్‌లో కలవదు. అందులో ఆర్టికల్ 13 ఏం చెప్తుందంటే, ప్రాథమిక హక్కులకి విరుద్ధంగా ఉన్న చట్టం చెల్లదు అని. మన రాజ్యాంగంలో ఈ మాట సూటిగా రాసి పెట్టారు. అమెరికా రాజ్యాంగంలో అలా రాసి లేదు. చట్టసభ చేసిన చట్టాన్ని కోర్టు కొట్టెయ్యొచ్చు అనే సూత్రాన్ని అక్కడ 1803లో ఒక తీర్పుతో నిలబెట్టిన మనిషి జాన్ మార్షల్.

లా చదివేవాళ్లకి ఈయన చాలా పెద్ద పేరు. నాకు మాత్రం ఆసక్తి పుట్టింది ఆ తీర్పు గొప్పదనం వల్ల కాదు. ఆ కేసు అసలు ఎందుకొచ్చిందో తెలిశాక. మార్షల్ ఆఫీసు నుంచి బయటికి వెళ్లాల్సిన కొన్ని కాగితాలు వెళ్లలేదు. దాని మీద కేసు పడింది. ఆ కేసు విన్న జడ్జి కూడా మార్షలే! అదెలా కుదిరిందో చెప్తాను.

మార్షల్ 1755లో వర్జీనియాలో, అప్పటికి జనం పల్చగా ఉన్న ప్రాంతంలో, దుంగలతో కట్టిన చిన్న ఇంట్లో పుట్టారు. పదిహేను మంది పిల్లల్లో పెద్దవాడు. తండ్రి సర్వేయరు, జార్జి వాషింగ్టన్‌కి స్నేహితుడు. బడి చదువు అంతంతమాత్రం. స్వాతంత్ర్య యుద్ధం రాగానే సైన్యంలో చేరి, వ్యాలీ ఫోర్జ్ శిబిరంలో ఆ భయంకరమైన చలికాలం కూడా గడిపారు. తిండి లేదు, బట్ట లేదు, రాష్ట్రాలు సాయం పంపవు. దేశానికి గట్టి కేంద్ర ప్రభుత్వం ఉండాలని ఆయన జీవితాంతం పట్టుబట్టడానికి మూలం అక్కడే ఉందంటారు.

ఇక లా చదువు. 1780లో విలియం అండ్ మేరీ కాలేజీలో జార్జి విత్ అనే ప్రొఫెసర్ దగ్గర కొద్దికాలం పాఠాలు విన్నారు, అంతే. ఆ క్లాస్ నోట్స్ ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. వాటి నిండా సెక్షన్లే ఉంటాయనుకుంటే పొరపాటు. మధ్యమధ్యలో పాలీ యాంబ్లర్ అనే అమ్మాయి పేరు రాసుకున్నారు. (మన వెనక బెంచీ వాళ్లు ధైర్యం తెచ్చుకోవచ్చు.) 1783లో ఆమెనే పెళ్లి చేసుకున్నారు. రిచ్‌మండ్‌లో ప్రాక్టీస్ పెట్టి పెద్ద లాయరయ్యారు. సుప్రీంకోర్టులో మాత్రం లాయరుగా ఒకే ఒక్క కేసు వాదించారు, 1796లో. అది ఓడిపోయారు.

ఇప్పుడు ఆ కోర్టు పరిస్థితి చూడండి. వాషింగ్టన్ నగరం కొత్తగా కడుతున్నప్పుడు అధ్యక్షుడికి భవనం, కాంగ్రెస్‌కి భవనం ప్లాన్ చేశారు. సుప్రీంకోర్టుకి ఏమీ లేదు! క్యాపిటల్ భవనంలో కింది అంతస్తులో ఒక చిన్న కమిటీ గది ఇచ్చి సర్దుకోమన్నారు. కోర్టుకి సొంత భవనం 1935లో గానీ రాలేదు. పైగా జడ్జీలు ఏడాదిలో చాలాభాగం గుర్రపు బండ్లలో ఊరూరా తిరుగుతూ కింది స్థాయి కేసులు వినాలి. ఈ ఉద్యోగం ఎవరికి కావాలి?

నిజంగానే ఎవరికీ అక్కర్లేకపోయింది. 1800 చివర్లో చీఫ్ జస్టిస్ ఎల్స్‌వర్త్ రాజీనామా చేశారు. అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ అప్పటికే ఎన్నికల్లో ఓడిపోయి, దిగిపోయే రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. మొదటి చీఫ్ జస్టిస్‌గా చేసిన జాన్ జే పేరునే మళ్లీ సెనేట్‌కి పంపారు. ఆయన్ని ముందు అడగలేదు కూడా. సెనేట్ ఒప్పుకుంది, జే ఒప్పుకోలేదు. ఆ కోర్టుకి బలమూ లేదు, గౌరవమూ లేదని తిరుగు ఉత్తరం రాశారు. ఆ ఉత్తరాన్ని ఆడమ్స్ దగ్గరికి తీసుకెళ్లింది విదేశాంగ మంత్రిగా ఉన్న మార్షల్. మరి ఇప్పుడు ఎవర్ని వేద్దామని ఆడమ్స్ అడిగితే మార్షల్ వేరే జడ్జి పేరు చెప్పారు. ఆడమ్స్ కాసేపు ఆలోచించి, నిన్నే వేస్తాను అన్నారట. మార్షల్ స్వయంగా చాలా ఏళ్ల తర్వాత రాసుకున్న జ్ఞాపకం ఇది. 1801 ఫిబ్రవరి 4న ప్రమాణం చేశారు. అయితే మంత్రి పదవి వదల్లేదు. నెల రోజులు ఒకే మనిషి అటు చీఫ్ జస్టిస్, ఇటు మంత్రి.

ఆ నెలలోనే అసలు గొడవంతా జరిగింది. ఓడిపోయిన ఫెడరలిస్టు పార్టీ వెళ్లేలోపు కోర్టుల నిండా తమవాళ్లని నింపాలనుకుంది. ఫిబ్రవరి 13న కొత్త చట్టం చేసి 16 సర్క్యూట్ జడ్జి పదవులు సృష్టించారు. అదే చట్టంలో, సుప్రీంకోర్టులో ఈసారి ఖాళీ వస్తే భర్తీ చెయ్యకుండా ఆరుగురిని ఐదుగురికి తగ్గించాలని కూడా పెట్టారు. ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది, కొత్తగా రాబోయే జెఫర్సన్‌కి తనవాణ్ణి వేసుకునే అవకాశం దొరక్కుండా. ఇంకో చట్టం కింద రాజధాని ప్రాంతానికి 42 మంది చిన్న మేజిస్ట్రేట్లని వేశారు. సెనేట్ వాళ్లని ఆమోదించింది మార్చి 3న. మర్నాడు జెఫర్సన్ ప్రమాణస్వీకారం!

అధ్యక్షుడు సంతకం పెట్టిన నియామక పత్రాల మీద ప్రభుత్వ ముద్ర వేసి, వాటిని మనుషులకి చేర్చడం విదేశాంగ మంత్రి ఆఫీసు పని. మార్షల్ ముద్రలు వేశారు. పంచే పనిలో ఆయన తమ్ముడు జేమ్స్ కూడా సాయం చేశాడు. అన్నీ మొయ్యలేక కొన్ని తిరిగిచ్చేశానని తర్వాత వాంగ్మూలం ఇచ్చాడు. అలా కొన్ని ఆఫీసులోనే ఉండిపోయాయి. మర్నాడు జెఫర్సన్ చేత ప్రమాణం చేయించింది చీఫ్ జస్టిస్ హోదాలో మార్షలే. ఇద్దరూ దూరపు చుట్టాలు, ఒకరంటే ఒకరికి అస్సలు పడదు. మిగిలిన పత్రాలు ఇవ్వొద్దని జెఫర్సన్ ఆపేశారు.

పత్రం అందని వాళ్లలో విలియం మార్బరీ ఒకరు. ఆయనా ఇంకో ముగ్గురూ కలిసి, కొత్త విదేశాంగ మంత్రి మాడిసన్ మా పత్రాలు ఇచ్చేలా ఆర్డర్ వెయ్యండి అని 1801 డిసెంబర్‌లో నేరుగా సుప్రీంకోర్టుకి వెళ్లారు. మన దగ్గర కూడా వాడే 'మాండమస్' రిట్ ఇదే. జెఫర్సన్ పార్టీ ఊరుకోలేదు. 1802లో ఆ 16 జడ్జి పదవుల చట్టాన్నే రద్దు చేసి, సుప్రీంకోర్టు సమావేశాల తేదీలు కూడా మార్చేసింది. కోర్టు ఏడాదికి పైగా కూర్చోలేదు. జడ్జీలు మళ్లీ ఊళ్ల మీద పడ్డారు.

ఇక్కడొక చిన్న ముచ్చట చెప్పాలి. 1803 జనవరిలో మార్షల్ కేసులు వినడానికి నార్త్ కరోలినాలోని రాలీ వెళ్లారు. చొక్కా పైన వేసుకునే వెయిస్ట్‌కోట్ జేబుకి చిల్లు పడి 15 వెండి డాలర్లు దారిలో జారిపోయాయి. సరే అని పెట్టె తెరిస్తే కోర్టుకి వేసుకునే ప్యాంటు సర్దనేలేదు! కుట్టిద్దామంటే ఊళ్లో దర్జీలకి ఖాళీ లేదు. ఈ బాధంతా ఆయన పాలీకి ఉత్తరంలో రాసుకున్నారు. అది రాసి రెండు నెలలు తిరక్కుండానే అమెరికా చరిత్రలో అతి ముఖ్యమైన తీర్పు ఇచ్చారు.

మార్బరీ కేసులో మార్షల్ ఇరుక్కుపోయారు. పత్రం ఇవ్వమని ఆర్డర్ వేస్తే జెఫర్సన్ పట్టించుకోరు. కోర్టు దగ్గర పోలీసులూ లేరు, డబ్బూ లేదు, నవ్వులపాలవుతుంది. వెయ్యకపోతే భయపడినట్టే. 1803 ఫిబ్రవరి 24న తీర్పు చదివారు. అదీ కోర్టు గదిలో కాదు, స్టెల్ హోటల్లో. జస్టిస్ చేజ్ కీళ్ల నొప్పితో కదల్లేకపోవడంతో జడ్జీలు దిగిన చోటే కోర్టు పెట్టారు. తీర్పు సారాంశం ఇది: మార్బరీకి ఆ పత్రం మీద హక్కు ఉంది, ఆపడం ప్రభుత్వం తప్పు, ఆ తప్పుకి చట్టంలో పరిష్కారం కూడా ఉండాలి. కానీ ఆ రిట్ కోసం నేరుగా సుప్రీంకోర్టుకి రావచ్చని చెప్పే 1789 చట్టంలోని సెక్షన్ 13, రాజ్యాంగం మాకిచ్చిన పరిధిని దాటిపోయింది. రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టం చట్టమే కాదు. కాబట్టి ఆర్డర్ ఇవ్వలేం.

గెలిచింది జెఫర్సన్ ప్రభుత్వం, కాబట్టి ధిక్కరించడానికి ఆయన చేతిలో ఏమీ లేదు. చిన్న అధికారం నాకొద్దు అంటూ చాలా పెద్ద అధికారం తీసేసుకున్నారు మార్షల్. మన వైపు నుంచి ఒక పోలిక ఉంది. రాజమండ్రివారైన కోకా సుబ్బారావు గారు చీఫ్ జస్టిస్‌గా 1967లో గోలక్‌నాథ్ కేసులో, ప్రాథమిక హక్కుల్ని తగ్గించేలా పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించడానికి వీల్లేదన్నారు. అయితే ఆ సూత్రం ఇకముందు జరిగే వాటికే అని, పాత సవరణల జోలికి వెళ్లలేదు. కేసు వేసినవాళ్లకి ఏమీ దక్కలేదు, సూత్రం మాత్రం నిలిచింది. అది తర్వాత కొన్నేళ్లకే మారిందనుకోండి.

తెలివైన తీర్పే, నేను కాదనను. కానీ నన్ను వదలని ప్రశ్న వేరే. ఆ పత్రాల మీద ముద్ర పడిందా లేదా అని కోర్టు సాక్షుల్ని పిలిచి అడిగింది. అందరికంటే బాగా తెలిసిన సాక్షి జడ్జి కుర్చీలో కూర్చుని ఉన్నారు! ఆయన తప్పుకోవాల్సింది. జడ్జి అలా తప్పుకోవడం అప్పట్లో తెలియని సంగతి అనుకోకండి. ఆరు రోజుల తర్వాత, 1802 రద్దు చట్టం మీద వచ్చిన స్టువర్ట్ కేసులో, కింది కోర్టులో తనే విన్నానని మార్షల్ పక్కకి జరిగారు. 1816లో ఫెయిర్‌ఫాక్స్ భూముల కేసు వస్తే, అందులో తన కుటుంబం కొన్న భూములున్నాయని మళ్లీ కూర్చోలేదు. అంటే ఎప్పుడు తప్పుకోవాలో ఆయనకి బాగా తెలుసు. భూమి ఉంటే తప్పుకున్నారు, తన ఆఫీసు పొరపాటు ఉంటే తప్పుకోలేదు.

ఇదే కొలబద్ద ఇంకోచోట పెడితే ఇంకా బాధేస్తుంది. మార్షల్ జీవితకాలంలో వందల మందిని బానిసలుగా ఉంచుకున్నారని ఇటీవలి పరిశోధనలు చూపించాయి. 1813లో మీమా క్వీన్ అనే స్త్రీ తనకీ తన కూతురికీ స్వేచ్ఛ కావాలని వేసిన కేసు సుప్రీంకోర్టుకి వచ్చింది. తమ పూర్వీకురాలు ఒకామె స్వేచ్ఛగా బతికిన మనిషి అని వాళ్ల వాదన. ఆమె తరఫు లాయరు ఫ్రాన్సిస్ స్కాట్ కీ, మరుసటి ఏడాది రాసిన పాటే తర్వాత అమెరికా జాతీయ గీతమైంది. చనిపోయిన పెద్దవాళ్లు చెప్పగా విన్నామనే సాక్ష్యం తప్ప ఇంకేం ఉంటుంది వాళ్ల దగ్గర? అలా విన్న మాటలు చెల్లవని తీర్పు రాసింది మార్షల్. జస్టిస్ డువాల్ ఒక్కరే ఒప్పుకోలేదు. బానిసలున్న యజమాని బానిసల కేసు వినొచ్చా అనే ప్రశ్న ఆ కోర్టులో ఎవరికీ రాలేదు.

మళ్లీ వెనక్కి, 1804కి. జెఫర్సన్ పార్టీ జడ్జీల్ని అభిశంసనతో తీసెయ్యడం మొదలుపెట్టింది. తాగుడుతో, మతిస్థిమితం లేక ఉన్న పికరింగ్ అనే జిల్లా జడ్జిని ముందు తీసేశారు. తర్వాత స్టెల్ హోటల్లో కీళ్ల నొప్పితో ఉన్నారే, ఆ శామ్యూల్ చేజ్ వంతు. ఆయన బెంచీ మీద కూర్చుని రాజకీయ ఉపన్యాసాలు ఇచ్చే రకం. తర్వాత లిస్టులో మార్షల్ పేరే అని అందరికీ తెలుసు. ఆ భయంతో ఆయన చేజ్‌కి ఒక ఉత్తరం రాశారు. తీర్పు నచ్చకపోతే జడ్జిని తీసెయ్యడం కంటే, ఆ తీర్పునే చట్టసభ మార్చుకునేలా చేస్తే నయం అని! మార్బరీ తీర్పు రాసిన చెయ్యేనా ఇది అనిపిస్తుంది. నాకైతే ఈ ఉత్తరం చదివాకే ఆయన మనిషిలా కనిపించారు. 1805 మార్చి 1న సెనేట్‌లో చేజ్ మీద మూడింట రెండొంతుల ఓట్లు ఏ ఆరోపణకీ రాలేదు. తీర్పులు నచ్చలేదని సుప్రీంకోర్టు జడ్జిని తీసెయ్యాలన్న ప్రయత్నం అక్కడితో చల్లబడింది.

తర్వాత ముప్ఫై ఏళ్లు ఆయనవే. అంతకుముందు ప్రతి జడ్జీ ఎవరి తీర్పు వాళ్లు చదివేవారు. మార్షల్ అందర్నీ ఒకే బోర్డింగ్ హౌస్‌లో ఉంచి, ఒకే టేబుల్ దగ్గర భోజనం చేయించి, కోర్టంతటికీ ఒకే తీర్పు అనే అలవాటు చేశారు. వాన పడే రోజునే వైన్ తాగాలని జడ్జీలు నియమం పెట్టుకుంటే, మన కోర్టు పరిధి చాలా పెద్దది, ఎక్కడో ఒకచోట వాన పడుతూనే ఉంటుందిలే అనేవారని ఒక కథ. జెఫర్సన్, మాడిసన్ తమవాళ్లని జడ్జీలుగా వేసి పంపారు. వాళ్లు కూడా ఆ టేబుల్ దగ్గర కూర్చున్నాక చాలావరకు ఆయన వైపే ఉన్నారు.

1819లో మెకల్లక్ కేసులో కేంద్ర బ్యాంకు మీద రాష్ట్రం పన్ను వెయ్యకూడదన్నారు. 1824లో గిబ్బన్స్ కేసులో రాష్ట్రాల మధ్య పడవ వ్యాపారం కేంద్రం పరిధి అన్నారు. 1832లో వర్సెస్టర్ కేసులో, చెరోకీ ప్రజల నేల మీద జార్జియా రాష్ట్ర చట్టాలు చెల్లవని తీర్పిచ్చారు. జార్జియా లెక్క చెయ్యలేదు, అధ్యక్షుడు జాక్సన్ అమలు చేయించలేదు. మార్బరీ రోజుల్లో మార్షల్ దేనికి భయపడ్డారో సరిగ్గా అదే జరిగింది. 1838లో చెరోకీలని బలవంతంగా తరిమేశారు. వేలమంది దారిలోనే పోయారు. అప్పటికి మార్షల్ లేరు.

పాలీ 1831 క్రిస్మస్ రోజున చనిపోయింది. ఆయన 1835 జూలై 6న ఫిలడెల్ఫియాలో పోయారు. సమాధి రాయి మీద ఏం రాయాలో ముందే రాసిపెట్టారు. తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, పాలీని పెళ్లి చేసుకున్న తేదీ, పోయిన తేదీ కోసం ఖాళీ. చీఫ్ జస్టిస్ అనే మాట లేదు.

ఆ ముప్ఫై నాలుగేళ్లలో కాంగ్రెస్ చేసిన చట్టాన్ని ఆయన కోర్టు మళ్లీ ఒక్కసారి కూడా కొట్టెయ్యలేదు. ఆయన కుర్చీలోకి జాక్సన్ రోజర్ టానీని వేశారు. ఆ అధికారాన్ని సుప్రీంకోర్టు రెండోసారి గట్టిగా వాడింది 1857లో, డ్రెడ్ స్కాట్ కేసులో. కొత్త ప్రాంతాల్లో బానిసత్వం ఉండకూడదన్న చట్టం చెల్లదనీ, నల్లవాళ్లు ఈ దేశపు పౌరులు కాలేరనీ టానీ రాశారు.