శ్రీశైల కదళీవనమున అక్కమహాదేవి

విడపనకల్లు వంటి మెట్టభూములందు చెట్టునీడ కరవు. ఇచ్చటినుండి శ్రీశైలయాత్రకు పోవువారికి దారిలో కానవచ్చు నల్లమల అడవి వింతగా తోచును. ఎనిమిది శతాబ్దములకు పూర్వము ఒక యువతి ఒంటరిగా ప్రవేశించిన అడవి అది.

అక్కమహాదేవి 12వ శతాబ్దమున, నేటి శివమొగ్గ జిల్లా శికారిపుర తాలూకాలోని ఉడుతడి గ్రామమున జన్మించెను. తల్లిదండ్రులు సుమతి, నిర్మలశెట్టి. బాల్యముననే ఆమె చెన్నమల్లికార్జునుని పతిగా వరించెను. ఆ సీమనేలు కౌశికుడు ఆమె రూపమునకు మోహితుడయ్యెను. వివాహము జరిగినదని హరిహరకవి వ్రాసెను. జరుగలేదని చామరసు వ్రాసెను. ఏది యెట్లున్నను ఆమె రాజభోగమును, కట్టుబట్టను సైతము విడిచి, కేశములే ఆచ్ఛాదనముగా కల్యాణమునకు వెడలెను.

అనుభవమంటపమున అల్లమప్రభువు ఆమెను కఠినముగా పరీక్షించెను. సర్వమును విడిచినదానికి కేశములతో దేహమును కప్పుకొనుట యెందులకని ప్రశ్నించెను. అది తన కొరకు కాదనియు, చూచువారి మనస్సు చలింపకుండుటకనియు ఆమె బదులు చెప్పెను. వయస్సున చిన్నదైనను బసవాది శరణులు ఆమెను అక్కగా గౌరవించిరి.

అంతటి గౌరవము లభించిన చోటను ఆమె నిలువలేదు. మూడువందల కిలోమీటర్లకు పైబడిన దారిని శ్రీశైలమునకు పయనించెను. దీనిని లోకమునకు వెరచి పారిపోవుటగా తలచువారు కొందరు కలరు. అది సరికాదు. పెద్దపులి, చిరుతపులి, ఎలుగుబంటి తిరుగు కొండలు వెరచినవారికి ఆశ్రయములా? ఆమె వచనములందు చిలుకలను, కోకిలలను, తుమ్మెదలను, నెమళ్ళను పేరుపేరున పిలిచి స్వామి జాడ అడుగును. అడవి ఆమెకు పుట్టినిల్లు. కదళీవనమున ఆమె లింగైక్యము చెందెనని మన సంప్రదాయము.

ఆ అడవిలో 1983లో పులుల సంరక్షణ పథకము ఏర్పడెను. 2014లో రాష్ట్రవిభజన జరుగగా కృష్ణకు ఉత్తరభాగము తెలంగాణలోని అమ్రాబాదు పులుల అభయారణ్యమయ్యెను. దోర్నాల మార్గమున రాత్రివేళ వాహనములను నిలుపుదురు. యాత్రికులు దీనికి విసుగుకొనుట తగదు. రాత్రి అడవి మృగములది.

అక్క తపస్సు చేసినదని చెప్పు గుహలు శ్రీశైలమునకు ఎగువన, కృష్ణ ఆవలి ఒడ్డున గలవు. జలాశయమున నీరు, అనుమతి ఉన్నపుడు పాతాళగంగ నుండి పడవలో పోవచ్చును. గుహ ముందు సహజముగా ఏర్పడిన రాతితోరణము కలదు. లోపలి దారి ఇరుకు, చీకటి. భక్తులు దీపము చేతబట్టి, ఒక్కొక్కరుగా వంగి పోయి, చివరనున్న లింగమును దర్శింతురు.