తల్లి మీద పడిన నింద, హాల్డేన్ వేసిన లెక్క

గత నెలలో జగ్గయ్యపేట దగ్గర ఒక పల్లెకు ప్రార్థన కూడికకు వెళ్లినప్పుడు ఒక ఇంట్లో ఆరేళ్ల బాబును చూశాం. మోకాలు బాగా వాచి మంచం మీద ఉన్నాడు. దెబ్బ తగిలితే రక్తం త్వరగా గడ్డకట్టదు, హిమోఫీలియా అని డాక్టర్లు చెప్పారట. నాయనమ్మ మాత్రం తన అన్న కూతుర్ని చేసుకుని ఉంటే ఈ రోగం ఇంటికి వచ్చేది కాదనీ, బయటి సంబంధం తెచ్చుకోవడమే పొరపాటైందనీ మా ముందే అంది. కోడలు తల ఎత్తలేదు.

అదే వారం నందిగామలో ఇంకో ఇల్లు. అక్కడ ఆ అబ్బాయి సొంత అక్క కూతుర్నే చేసుకున్నాడు. ఇద్దరు పిల్లలూ పుట్టు చెవిటివారు. అక్కడా నింద తల్లి మీదే. ఆమె ప్రార్థన చాలలేదని బంధువుల మాట. బయటి పిల్ల అయితే బయటిదైనందుకు, ఇంటి పిల్ల అయితే భక్తి తక్కువైనందుకు.

పుట్టు గుడ్డివాణ్ణి చూపించి, ఇది ఎవరి పాపం వల్ల అని శిష్యులు ప్రభువును అడిగిన సంగతి యోహాను సువార్త 9వ అధ్యాయంలో ఉంది. ప్రభువు ఆ పాపాన్ని అతని మీదా పెట్టలేదు, అతని తల్లిదండ్రుల మీదా పెట్టలేదు. ఈ భాగం మీద ప్రసంగం వినని సంఘం మన మెట్ట ప్రాంతంలో ఉండదు. అయినా ఇంటికి వెళ్లాక శిష్యులు అడిగిన ప్రశ్నే మనమూ అడుగుతాం.

ఈ వారం మేము చెప్పదలచుకున్న మనిషి విశ్వాసి కాడు. దేవుణ్ణి నమ్మనని బాహాటంగా రాసినవాడు. ఆయన్ను మన పత్రికలో ఎందుకు తలచుకోవాలని కొందరు పాఠకులు అడగవచ్చు. ఆ రెండిళ్లలోని తల్లులకు మేము చెప్పలేకపోయిన జవాబు ఆయన లెక్కల్లో దొరికింది, అందుకని. పైగా ఆయన దేహం చివరికి చేరింది మన కాకినాడకే.

జాన్ బర్డన్ సాండర్సన్ హాల్డేన్ 1892 నవంబరు 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ పేరున్న శరీరధర్మ శాస్త్రవేత్త. బొగ్గు గనుల్లో కార్మికులను చంపే విషవాయువులు ఏవో తేల్చడానికి తన శరీరం మీదే పరీక్షలు చేసుకున్న మనిషి. కొడుకును చిన్నతనంలోనే వెంటబెట్టుకుని గనుల్లోకి దిగేవారు. ఇతరుల ప్రాణానికి ముప్పు ఉన్న పరీక్షను ముందు మన మీదే చేసుకోవాలన్న పట్టుదల కొడుక్కీ వచ్చింది. ప్రమాదంలో మునిగిన జలాంతర్గామి నుంచి మనుషులు ఎలా బయటపడగలరో తెలుసుకోవడానికి ఆయన ఒత్తిడి గదుల్లో కూర్చున్నారు. వెన్ను దెబ్బతింది, చెవి కర్ణభేరులు చిల్లులు పడ్డాయి.

విచిత్రం ఏమిటంటే, ఇరవయ్యో శతాబ్దపు గొప్ప జన్యుశాస్త్రవేత్తల్లో ఒకరైన ఆయనకు సైన్సులో డిగ్రీ లేదు. ఆక్స్‌ఫర్డులో చదివింది గణితం, గ్రీకు లాటిను సాహిత్యం. జన్యుశాస్త్రం ఇంటి దగ్గరే అబ్బింది. చెల్లెలు నవోమీతో కలిసి ఎలుకలను, గినీ పిగ్‌లను పెంచి, ఏ రంగు పిల్లలు ఎన్ని పుట్టాయో లెక్క రాసుకునేవారు. అందులోంచి 1915లో ఒక పరిశోధనా పత్రం వచ్చింది. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. వారితో పనిచేసిన స్నేహితుడు ఆ యుద్ధంలో చనిపోయాడు. హాల్డేన్ మెసొపొటేమియాలో గాయపడి, కోలుకోవడానికి భారతదేశానికి వచ్చారు. మన దేశంతో ఆయన మొదటి పరిచయం అది.

తర్వాత కేంబ్రిడ్జిలో, ఆ పైన లండన్ యూనివర్సిటీ కాలేజీలో పనిచేశారు. 1937 నుంచి అక్కడే బయోమెట్రీ ఆచార్యులు. ఈనాడు బయోస్టాటిస్టిక్స్ అని పిలిచే విద్య, అంటే ప్రాణుల గురించి గణాంకాలతో ఆలోచించే విద్య, బలంగా వేళ్లూనిన చోట్లలో అది ఒకటి. ఆయన చేతిలో కంప్యూటరు లేదు. కాగితం, పెన్ను, ఆసుపత్రుల నుంచి వచ్చిన కుటుంబ వంశవృక్షాలు ఉన్నాయి.

1935లో ఆయన హిమోఫీలియా లెక్క వేశారు. దీన్ని నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే జగ్గయ్యపేట బాబు తల్లికి కావలసింది ఇదే.

ఈ రోగానికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. స్త్రీకి రెండు ఎక్స్‌లు, పురుషుడికి ఒకటే. తల్లికి ఒక ఎక్స్ చెడినా రెండోది కాపాడుతుంది, కాబట్టి సాధారణంగా ఆమెకు రోగం కనబడదు. కొడుక్కి ఆ చెడిన ఎక్స్ వస్తే కాపాడే రెండోది లేదు. ఆ రోజుల్లో మందు లేదు, రోగమున్న మగపిల్లల్లో ఎక్కువమంది పెళ్లీడు రాకుండానే పోయేవారు. మనుషులందరిలో ఉన్న ఎక్స్‌లను లెక్కిస్తే మూడింట ఒక వంతు మగవారిలో ఉంటాయి. అంటే తరతరానికీ ఈ చెడు జన్యువుల్లో దాదాపు మూడో వంతు రాలిపోవాలి. కొన్ని తరాల్లో రోగమే మాయమవ్వాలి. కాని మాయమవలేదు. ఎందుకని?

హాల్డేన్ జవాబు సూటిగా ఉంది. రాలిపోయినన్ని కొత్తగా పుడుతున్నాయి. తరతరానికీ సుమారు 50,000 ఎక్స్ క్రోమోజోములలో ఒకదానిలో ఈ మార్పు కొత్తగా వస్తోందని ఆయన అంచనా కట్టారు. మనిషి జన్యువులో మార్పు ఎంత తరచుగా వస్తుందో లెక్కగట్టిన తొలి ప్రయత్నాల్లో ఇది ఒకటి. వంశంలో ఏడు తరాలు వెనక్కి వెతికినా రోగి కనబడని ఇంట్లో కూడా హిమోఫీలియా బిడ్డ పుట్టవచ్చు. ఎవరూ ఏ తప్పూ చేయనక్కరలేదు.

1947లో ఆయన ఇంకో అడుగు వేశారు. ఈ కొత్త మార్పులు స్త్రీలలో కంటే పురుషులలోనే ఎక్కువగా పుడుతున్నాయని చూపారు. అంటే తల్లి ద్వారా బిడ్డకు వచ్చిన జన్యువు చాలాసార్లు ఆమె తండ్రిలో మొదలై ఉంటుంది. విక్టోరియా రాణి కొడుకు లియోపోల్డుకు, రష్యా రాజకుమారుడైన ముని మనవడు అలెక్సీకి ఈ రోగం ఉండేది. రాణికి ముందు ఆ వంశంలో దాని జాడ లేదు. అది రాణి తండ్రి ఎడ్వర్డు శరీరంలోనే మొదలై ఉండవచ్చని హాల్డేన్ ఊహించారు. రాజవంశమైనా, మిరప కోతకు వెళ్లే కుటుంబమైనా లెక్క ఒకటే. అయితే మన ఇళ్లలో తాతగారిని ఎవరూ ఏమీ అనరు, కూతుర్నే అంటారు. తాతగారినీ అనకూడదనుకోండి, తన లోపల ఒక కణం మారిందని ఆయనకు మాత్రం ఎలా తెలుస్తుంది?

తలసీమియా సంగతి కూడా ఇలాంటిదే. రక్తాన్ని దెబ్బతీసే జన్యువు మధ్యధరా తీరంలో అంత ఎక్కువగా ఎలా నిలిచిందన్నది చిక్కు ప్రశ్న. ఒక్క చెడు జన్యువు మోసేవారికి మలేరియా నుంచి రక్షణ దొరుకుతుందేమోనని హాల్డేన్ 1949లో సూచించారు. 1954లో ఆలిసన్ అనే డాక్టరు తూర్పు ఆఫ్రికాలో సికిల్ సెల్ విషయంలో దాన్ని రుజువు చేశారు. మనకు పొరుగునున్న ఖమ్మం వైపు ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ కుటుంబాలను ఎరిగినవారికి ఇది పుస్తకాల మాటగా తోచదు.

ఆయనలో లోపాలూ ఉన్నాయి, దాచడం న్యాయం కాదు. కోపిష్టి. కమ్యూనిస్టు పార్టీలో ఉన్న రోజుల్లో, రష్యాలో నిజాయితీగల జన్యుశాస్త్రవేత్తలను వేధిస్తున్నారని తెలుస్తున్నా చాలాకాలం గట్టిగా ఖండించలేకపోయారు. తనను 1928లో ఆ దేశానికి ఆహ్వానించిన వావిలోవ్ జైల్లోనే చనిపోయారు. ఆ మౌనాన్ని మేము సమర్థించం. కాని బలహీనులకు పిల్లలు పుట్టకుండా చేయాలని యూరపులో పెద్దమనుషులు వాదిస్తున్న కాలంలో, 1938లో ఆయన ఒక పుస్తకం రాసి, ఆ వాదానికి సైన్సు ఆధారం ఎంత బలహీనమో చూపించారు. దాగి ఉండే జన్యువులు ఆరోగ్యవంతుల్లోనే ఎక్కువ. కనబడిన రోగిని వెలివేస్తే రోగం పోదు.

1957లో, అరవై నాలుగేళ్ల వయసులో, ఆయన భార్య హెలెన్ స్పర్వేతో కలిసి ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చారు. మహలనోబిస్ గారి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. మాంసం మానేశారు, కుర్తా కట్టారు, 1961లో భారత పౌరుడయ్యారు. ఖరీదైన యంత్రాలు లేకపోయినా కళ్లతో చూసి లెక్కపెట్టడం వస్తే ఈ దేశంలో మంచి సైన్సు చేయవచ్చని నమ్మారు.

ఆయన దగ్గర చేరినవారిలో పిఠాపురం కుర్రాడు ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. ఈ శిష్యుడు మొదట లాంటానా పూల మీద ఏ సీతాకోకచిలుక ఏ రంగుకు వస్తుందో లెక్కపెట్టాడు. తర్వాత సొంత వంశంలో మగవారి చెవుల అంచున మొలిచే వెంట్రుకలను గురించి రాశాడు. అది తండ్రి నుంచి కొడుక్కే వచ్చే లక్షణమన్న ఆయన నిర్ణయాన్ని తర్వాతివారు ప్రశ్నించారు, అది వేరే కథ. మనకు ముఖ్యమైనది మూడో పని. మీరాఖాన్ అనే మరో తెలుగు పరిశోధకుడితో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలు ఎన్ని, వాటి ఫలితాలేమిటి అని సర్వే చేసి 1963లో ప్రచురించారు. మేనమామ మేనకోడలిని చేసుకోవడం ఇంగ్లీషువారికి ఊహకందని సంగతి. హాల్డేన్‌కు అది ఎగతాళి వస్తువు కాలేదు, లెక్కవేయవలసిన ప్రశ్న అయింది.

ఆ లెక్క మనమూ వేయవచ్చు. ఒక తాతగారిలో కనబడకుండా ఒక చెడు జన్యువు ఉందనుకుందాం. ఆయన కొడుక్కి అది వచ్చే అవకాశం రెండింట ఒకటి, మనవరాలికి నాలుగింట ఒకటి. కూతురి కొడుక్కీ నాలుగింట ఒకటి. ఈ బావామరదళ్లు పెళ్లి చేసుకుంటే ఇద్దరూ దాన్ని మోస్తూ ఉండే అవకాశం 16లో 1. ఇద్దరూ మోస్తుంటే బిడ్డకు రోగం వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మొత్తం 64లో 1. మేనమామే అక్క కూతుర్ని చేసుకుంటే 32లో 1. అదే జన్యువును నూటికి ఒక్కరు మోసే బయటి కుటుంబం నుంచి పిల్లను తెస్తే 1,600లో 1.

ఈ లెక్కను రెండు వైపులా చదవాలి. మేనరికం చేసుకున్న జంటల్లో ఎక్కువమందికి ఆరోగ్యవంతులైన పిల్లలే పుడతారు. కాబట్టి ఇప్పటికే అలా పెళ్లయినవారిని బెదిరించనక్కరలేదు. కాని ముప్పు ఉన్నమాట నిజం. యాకోబు మేనమామ లాబాను కూతుళ్లను చేసుకున్నాడు కదా, నాహోరు తన సహోదరుని కుమార్తె మిల్కాను చేసుకున్నాడు కదా అని మనవాళ్లు ప్రధానం రోజున బైబిలు తెరుస్తారు. వారి కాలంలో జరిగినదాన్ని గ్రంథం చెప్పింది. మనల్ని అలాగే చేయమని అక్కడ ఆజ్ఞ లేదు.

మేనరికం మానేశాం కదా అని నిశ్చింతగా ఉండేవారికీ ఒక సంగతి. హాల్డేన్ కాగితం మీద చేసిన పనిని నేడు కంప్యూటర్లు లక్షల జన్యు అక్షరాలతో చేస్తున్నాయి. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, అమెరికాలోని హార్వర్డు పరిశోధకులు కలిసి దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాల జన్యువులను పోల్చి 2017లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో 81 సమూహాలు కొద్దిమంది పూర్వికుల నుంచి పుట్టి, తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చినట్టు తేలింది. చుట్టరికం తెలియని ఇద్దరైనా ఒకే కులంలో ఒకే పూర్వికుడి జన్యువు మోస్తూ ఉండవచ్చు. తెలుగు వైశ్యుల్లో కొందరికి ఆపరేషనుకు ముందు ఇచ్చే ఒక మందు సరిపడదని, కండరాలు చాలాసేపు పనిచేయవని మత్తు డాక్టర్లు చాలాకాలంగా ఎరుగుదురు. అది వారికే ప్రత్యేకమైన లోపం కాదు, కులం లోపలే పెళ్లిళ్లు చేసుకునే ఏ సమూహానికైనా ఇలాంటిది ఏదో ఒకటి ఉండవచ్చు. బాప్తిస్మం తీసుకున్నా సంబంధం మాత్రం పాత కులంలోనే వెదికే మన సంఘాలకు ఈ లెక్క వర్తించదని ఎవరైనా అనగలరా? గుడిలో మూడు ఆదివారాలు పెండ్లి ప్రకటన చదివే ముందు, తలసీమియా కోసం రక్తపరీక్ష చేయించుకున్నారా అని పాస్టరుగారు ఒక్క మాట అడిగితే ఆయన గౌరవానికి తక్కువ కాదు.

హాల్డేన్ 1962లో భువనేశ్వర్ వెళ్లి అక్కడ జన్యుశాస్త్ర ప్రయోగశాల నెలకొల్పారు. కొద్దికాలానికే పెద్దపేగు చివర క్యాన్సరు బయటపడింది. లండన్‌లో ఆపరేషను అయ్యాక ఆసుపత్రిలోనే ఒక హాస్య కవిత రాశారు. తొందరగా డాక్టరు దగ్గరకు వెళ్లండని జనానికి చెప్పడమే దాని ఉద్దేశం. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు.

తన దేహాన్ని వైద్య విద్యార్థుల చదువుకు ఇవ్వాలని వీలునామా రాశారు. పునరుత్థానాన్ని నమ్మే మనలో కొందరు దేహదానం గురించి ఇప్పటికీ సంకోచిస్తారు, దాని గురించి మరోసారి మాట్లాడుకుందాం. ఆయన దేహం ఒరిస్సా నుంచి తెలుగు నేలకు, అప్పటికి పెట్టి ఆరేళ్లయిన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు వచ్చింది.

వచ్చే నెల మళ్లీ జగ్గయ్యపేట వెళ్తున్నాం. ఈ ఎక్స్ క్రోమోజోము లెక్కను కాగితం మీద గీసి ఆ నాయనమ్మ ముందు కూర్చోవాలని ఉంది. వింటుందో లేదో తెలియదు. కోడలు మాత్రం పక్కనే ఉంటుంది.