తాతయ్య భజన బృందాలకు త్రిశత జయంతి అభినందనం

శ్రీ అమరనారేయణస్వామి కృపతో, సద్గురువు యోగి నారేయణ యతీంద్రుల త్రిశత జయంతి శుభవేళ, కైవార సీమలోని ప్రతి భజన బృందానికీ, అన్నదాన దాసోహంలో చెయ్యి వేసిన ప్రతి అన్నకూ, అక్కకూ, తమ్ముడికీ, చెల్లెలికీ మా అందరి తరఫున మనసారా అభినందనలు, శుభాకాంక్షలు. కైవార మఠం సంప్రదాయం ప్రకారం, మనం తాతయ్య అని పిలుచుకునే ఆ యతీంద్రులు 1726లో అవతరించి, నూటపది ఏళ్లు ఈ నేల మీద నడిచి, 1836లో కైవారంలోనే సజీవ సమాధి పొందారు. ఆ లెక్కన 2026తో ఆయన పుట్టి మూడు వందల ఏళ్లు. ఈ పండగలో తాతయ్య మూర్తికి మాలలు పడతాయి, పల్లకి కదులుతుంది, పెద్దలు వేదికనెక్కి మాట్లాడతారు. అవన్నీ జరగవలసినవే. ఈ నాలుగు మాటలు మాత్రం ఆ మాలలు కట్టినవాళ్ల కోసం, ఆ పల్లకికి భుజమిచ్చినవాళ్ల కోసం.

గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగిన బలిజ ఇంటి బిడ్డ మన నారాయణప్ప తాతయ్య. ఆయనకు వ్యాపారం అబ్బలేదు, భక్తి అబ్బింది. పరదేశి స్వామి అష్టాక్షరి ఉపదేశించి, గులకరాయి నోట పెట్టి, అది కలకండ అయ్యేదాకా జపించమన్నారని, గుట్ట గుహలో ఆ జపం ఫలించిందని మన ఇళ్లలో పిల్లలకు ఇప్పటికీ చెబుతాం. ఆయన బతికిన కాలం సామాన్యమైనది కాదు. హైదరాలీ ఏలుబడి చూశారు. 1799లో శ్రీరంగపట్టణం కూలి టిప్పు సుల్తాను నేలకొరిగాడు. ఒడయార్లు మళ్లీ గద్దెనెక్కారు. 1831లో మైసూరు పాలన ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. గద్దె మీద మనుషులు మారుతూనే ఉన్నారు, తాతయ్య మాత్రం తెలుగులోనూ కన్నడంలోనూ పాడుతూనే ఉన్నారు. అమరనారేయణ శతకం, కాలజ్ఞానం, లెక్కకు మిక్కిలిగా కీర్తనలు, తత్త్వాలు మన తెలుగులో చెప్పారు. శ్రీకృష్ణచరిత తత్త్వామృత యోగసారం కన్నడంలో చెప్పారు. రెండు భాషల ఇంట పుట్టిన మనకు ఇంతకన్నా ఏ ఆస్తి కావాలి?

అయితే ఆస్తి ఉంటే చాలదు, కాపాడేవాళ్లు ఉండాలి. 1836 తర్వాత ఆ పాటలకు రాజాస్థానం దొరకలేదు, చాలా కాలం అచ్చూ దొరకలేదు. మేకలు కాసే ఆయన, మగ్గం నేసే ఆయన, రాగి చేను దున్నే ఆయన వాటిని గొంతులో పెట్టుకున్నారు. 1876–78 నాటి ధాత కరువు మైసూరు సీమను పీల్చి పిప్పి చేసింది. ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ కరువు దాటి వచ్చిన పల్లెల్లో కూడా పాట మిగిలింది. రాగి విత్తనాన్ని బూడిద కలిపి దాచుకున్నట్టు దాచుకున్నారు మన పెద్దలు. వాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ లేవు. వాళ్లు కాపాడిన కీర్తన మాత్రం ఈ పొద్దు మన నోట ఉంది.

1956లో భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడ్డప్పుడు ఈ తెలుగు పల్లెలు మైసూరు రాష్ట్రంలోనే ఉండిపోయాయి. 1973లో ఆ రాష్ట్రం కర్ణాటక అయింది, 2007లో కోలారు నుంచి చిక్కబళ్లాపుర జిల్లా విడివడింది. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. బాగేపల్లి వైపు ఏ ఊరికి పోయినా ఇదే తీరు. తెలుగు అక్షరం నేర్పే బడి లేని చోట రెండు వందల ఏళ్ల నాటి తెలుగు కీర్తన ఎట్లా బతికిందో తెలుసుకోవాలంటే ఏదైనా భజన బృందంలో ఒక పెద్దాయన నోటుపుస్తకం తెరిచి చూడాలి. అంచులు నలిగి, దీపం నూనె మరకలు పడిన ఆ పుస్తకంలో లిపి కన్నడం, పాట తెలుగు. మఠం వేసిన కీర్తనల పుస్తకాలూ అట్లానే ఉంటాయి. పండితులు దీన్ని సాహిత్య పరిరక్షణ అంటారేమో. భజన అన్నలకు అది శనివారం పాడవలసిన పాట, అంతే. నా దృష్టిలో తెలుగుకు ఈ సరిహద్దు పల్లెల్లో జరిగినంత నిస్వార్థమైన సేవ మరోచోట అరుదు. పెద్ద పట్టణాల్లోని మన సాహిత్య సభలు ఈ మాట ఇంకా గట్టిగా చెప్పవలసి ఉంది.

ఆ సేవ ఎట్లా సాగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. సాయంత్రం డైరీకి పాలు పోసి వస్తారు. పట్టుపురుగులకు ఆఖరి మేత ఆకు వేస్తారు. నీళ్లు పోసుకుని, నొసట నామం దిద్దుకుని భజన గుడికి చేరతారు. ఒకరు చాప పరుస్తారు, ఒకరు దీపం వెలిగిస్తారు, ఒకరు డోలక్కు బిగిస్తారు. హార్మోనియం శ్రుతి పట్టగానే గురువు పల్లవి ఎత్తుకుంటాడు, తక్కినవాళ్లు అందుకుంటారు. కుర్రవాడు తాళం తప్పితే ఎవరూ కసురుకోరు, పక్కనున్న పెద్దాయన తన తాళాలు వాడి చెవి దగ్గరకు తెచ్చి నాలుగు సార్లు మోగిస్తాడు. నేర్పడం అక్కడితో అయిపోయింది. ఫీజు లేదు, పట్టా లేదు. పదేళ్లు గడిచేసరికి ఆ కుర్రవాడే మరొకడి చెవి దగ్గర తాళం మోగిస్తాడు.

బృందం సేవ గుడి గడప దాటి ఇళ్లలోకి పోతుంది. ఊళ్లో ఎవరింట పెళ్లి జరిగినా పందిరి గుంజలు నాటేది వీళ్లే, వడ్డనకు నడుం బిగించేది వీళ్లే. ఎవరింట చావు వచ్చినా రాత్రంతా శవం దగ్గర కూర్చుని తత్త్వాలు పాడేది వీళ్లే. ఏడ్చి ఏడ్చి అలసిన ఇంటివాళ్లు ఆ పాట వింటూ గోడకు ఆనుకుని కాసేపు కన్ను మూస్తారు. తెల్లవారాక బృందం లేచి, తాళాలు సంచిలో వేసుకుని, పొలానికి పోతుంది. ఆ రాత్రికి వెల కట్టమని అడిగిన భజన అన్న ఉన్నాడా?

లోకంలో సోదర సంఘాలకు కొదవ లేదు. తాతయ్య పుట్టడానికి తొమ్మిదేళ్ల ముందు, 1717 జూన్ 24న, లండన్‌లో నాలుగు ఫ్రీమేసన్ లాడ్జిలు కలిసి గ్రాండ్ లాడ్జిగా ఏర్పడ్డాయి. మన హైదరాబాదులోనూ 1872 నుంచి గోషామహల్ బారాదరి ఫ్రీమేసన్లకు నెలవైంది. ఆ సంఘాల్లో ప్రతి సభ్యుడి పేరూ పుస్తకానికెక్కుతుంది. యాభై ఏళ్లు సేవ చేసిన సభ్యుడిని సభలో నిలబెట్టి పతకం పెట్టి గౌరవించే ఆచారం చాలా దేశాల లాడ్జిల్లో ఉంది. అది మంచి ఆచారం, మనం నేర్చుకోవలసిన ఆచారం. మన బృందాల్లోనూ యాభై ఏళ్లుగా తంబూర దించని పెద్దలున్నారు. వాళ్లకు పతకం లేదు, పేర్ల పట్టిక లేదు. ఈ త్రిశత జయంతి ఏట ఆ లోటు తీరాలని మేము కోరుతున్నాం. ప్రతి ఊరి భజన గుడి గోడ మీద ఆ ఊరి పాత భజన గురువుల పేర్లు వరసగా రాయించి, బతికున్న పెద్దలకు సాలువా కప్పి, వాళ్ల చేతనే పల్లవి ఎత్తించాలి.

ఇరవయ్యో శతాబ్దం మఠానికి కలిసివచ్చిన కాలం. 1961లో రాజ్‌కుమార్ నటించిన ‘కైవార మహాత్మె’ కన్నడ చిత్రంతో తాతయ్య పేరు జిల్లా ఎల్లలు దాటి ఇంటింటికీ చేరింది. బెంగళూరులో విద్యాసంస్థలు నెలకొల్పిన దాత ఎం.ఎస్. రామయ్య (1922–1997) మఠానికి ధర్మాధికారిగా నిలిచి చేసిన దోహదం మరువలేనిది. ఆయన తర్వాత ఆ బాధ్యత ఎం.ఆర్. జయరాం చేతుల్లో కొనసాగుతోంది. ఇటీవలి ఏళ్లలో ఫాల్గుణ పౌర్ణమి నాడు కర్ణాటక ప్రభుత్వం తాతయ్య జయంతిని అధికారికంగా జరుపుతోంది. భీముడు బకాసురుణ్ణి చంపిన ఏకచక్రపురం కైవారమేనని నమ్మి భీమలింగేశ్వరుణ్ణి కొలవడానికి వచ్చే యాత్రికులు తాతయ్య సమాధి ముందు కూడా తల వంచి, దాసోహంలో అన్నం తిని పోతున్నారు. ఆ అన్నం రోజూ పొయ్యి మీదికెక్కుతుంది. బియ్యం దాత ఇస్తాడు, పొయ్యి ముందు నిలబడేది సేవకుడే.

ఆ సేవ విశ్వరూపం చూడాలంటే ఆషాఢంలో గురుపౌర్ణమికి కైవారం రావాలి. మూడు రోజులు, డెబ్బై రెండు గంటలు, పాట ఆగదు. శాస్త్రీయ సంగీత విద్వాంసుడు దిగిన వేదిక మీదికే పల్లె భజన బృందం ఎక్కుతుంది. నాదస్వరం, హరికథ, భజన ఒకదాని వెంట ఒకటి సాగిపోతాయి. టెంపోల్లో, ట్రాక్టర్లలో, బస్సుల్లో వచ్చిన బృందాలు తమ వంతు కోసం అర్ధరాత్రి దాకా కాచుకుంటాయి. రాత్రి రెండు గంటలకు వంతు వచ్చినా ముఖం చిట్లించరు, లేచి పంచె సర్దుకుని వేదికనెక్కుతారు.

అదే సమయంలో వేదిక వెనక మరో భజన సాగుతుంటుంది. ఆడవాళ్లు వరసగా కూర్చుని కూరగాయలు తరుగుతుంటారు. ఒకామె కీర్తన అందుకుంటే కత్తిపీటల చప్పుడే తాళమైపోతుంది. గుండిగలు దించేవాళ్ల చేతులకు తడి గోనెపట్టా, కళ్ల నిండా పొగ. బంతి లేవగానే ఊడ్చేవాళ్లు ఊడుస్తారు, మరో బంతి కూర్చుంటుంది. ఎవరు ఏ కులమో, ఏ ఊరో అడిగే తీరిక అక్కడ ఎవరికీ లేదు. తాతయ్య కోరింది ఇదే కదా! వడ్డించి వడ్డించి నడుం పట్టేసినవాళ్లు చివరి బంతిలో, మిగిలిన అన్నంలో మజ్జిగ కలుపుకుని తింటారు. ఆ చివరి బంతిలో కూర్చునే అక్కలకు, అన్నలకు ఈ పొద్దు మా మొదటి నమస్కారం.

కష్టాలు లేవని కాదు. బోర్లు ఎండిపోయిన ఊళ్ల నుంచి మగపిల్లలు బెంగళూరు దారి పట్టారు. వారం పొడుగునా అక్కడ పని చేసి, శనివారం సాయంత్రం బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా సంచితో సహా భజన గుడికి వచ్చేవాళ్లున్నారు. పాట ఫోన్లో రికార్డు చేసుకుని పనికి పోతూ నేర్చుకుంటున్నారు. ఒకప్పుడు గుడి బయటి అరుగు మీద కూర్చుని విన్న ఆడపిల్లలు ఈ పొద్దు సొంత బృందాలు కట్టి తామే పల్లవి ఎత్తుతున్నారు. ఈ మార్పు చూసి మా గుండె నిండిపోతోంది. తాతయ్య పాటకు వారసులు తక్కువవుతున్నారని దిగులు పడే పెద్దలకు మా మనవి ఒక్కటే: ఒక శనివారం వచ్చి చూడండి.

అమరనారేయణుడు మీకు నిండు ఆయువునిచ్చుగాక! మీ గొంతుకు బలం, మీ చేలకు వాన, మీ పాడికి సమృద్ధి కలుగుగాక! పెద్దల నోటనే మిగిలిన కీర్తనలన్నీ ఈ ఏడాదిలోనే పుస్తకానికెక్కాలి. ఆ పని చదువుకున్న పిల్లలు భుజాన వేసుకుంటారని మాకు నమ్మకం ఉంది. కన్నడ లిపి పక్కనే తెలుగు లిపిలోనూ ఆ పుస్తకం రావాలి, అనంతపురం, చిత్తూరు జిల్లాల అన్నదమ్ములు కూడా మనతో కలిసి పాడాలి. ఊరికొక బృందం ఉన్న చోట వీధికొక బృందం లేవాలి. వచ్చే గురుపౌర్ణమికి డెబ్బై రెండు గంటలు చాలక నిర్వాహకులు నాలుగో రోజు కలపవలసి రావాలి. మీరు అది సాధిస్తారు. మీ తాళాలకు, మీ తంబూరలకు, మీ గుండిగలకు, మీ చేతులకు జయమగుగాక!