హరమైన్‌ను మొదట ఫోటో తీసిన హాజీ

మన ఇళ్ళల్లో చాలాచోట్ల ముందు గది గోడ మీద ఒక పటం కనిపిస్తుంది. ఒక పక్క కాబా, మరో పక్క మస్జిదె నబవీ పచ్చని గుంబద్. హజ్‌కు వెళ్ళొచ్చిన బంధువులెవరో తెచ్చి ఇచ్చిందో, ఏ దర్గా దగ్గరి దుకాణంలోనో కొన్నదో అయి ఉంటుంది. పిల్లవాడికి నమాజు నేర్పక ముందే దాదీయో నానీయో వాడిని చంకనెత్తుకుని కాబా ఇదిగో అని వేలితో చూపించేది ఆ పటంలోనే. ఆ దృశ్యాన్ని అసలు మొట్టమొదట కెమెరాలో పట్టుకున్నది ఎవరు అని అడిగితే మాత్రం చెప్పగలిగేవారు తక్కువ. మారువేషంలో చొరబడిన తెల్లదొర ఎవరో తీసి ఉంటాడులే అనుకునేవారే ఎక్కువ. కొన్నాళ్ళ క్రితం వరకు మేమూ అలాగే అనుకున్నాము.

నిజానికి ఆయన మారువేషం వేసుకోవలసిన అవసరం లేని మనిషి. పేరు ముహమ్మద్ సాదిఖ్ బే. ఈజిప్టు సైన్యంలో ఇంజనీరు. 1861లో మదీనాను, 1880లో మక్కాను తొలిసారి ఫోటో తీసిన ఘనత ఆయనదే. రెండోసారి వెళ్ళినప్పుడు ఆయన ఈజిప్టు హాజీల బిడారంలో ఖజానా బాధ్యత వహించిన అధికారి కూడా. ఇహ్రామ్ కట్టి, తవాఫ్ చేసి, అందరితోపాటు అరఫాత్‌లో నిలబడిన హాజీ.

సాదిఖ్ కైరోలో పుట్టారు. ఆనాటి ఈజిప్టు పాలకులు తెలివైన కుర్రవాళ్ళను ఏరి ఫ్రాన్సుకు పంపి చదివించేవారు. అలా ప్యారిస్‌లో సైనిక ఇంజనీరింగు చదివి వచ్చినవారిలో ఈయన ఒకరు. తిరిగి వచ్చాక సైనిక పాఠశాలలో పటాలు గీయడం నేర్పే ఉపాధ్యాయుడయ్యారు. నేలను కొలవడం, కొలిచినదాన్ని కాగితం మీద పెట్టడం, ఇదే ఆయన వృత్తి. ఆయన చేతికి కెమెరా వచ్చింది కూడా ఈ దారిలోనే. సంతకు పోయి ముచ్చటపడి కొన్న వస్తువు కాదది. గొలుసు, దిక్సూచి, థర్మామీటరు లాగే అదీ ఒక కొలత పనిముట్టు.

1861లో ఈజిప్టు పాలకుడు సయీద్ పాషా హయాంలో ఆయనకు ఒక పని అప్పగించారు. ఎర్రసముద్రం ఒడ్డున అల్ వజ్హ్ అనే రేవు ఉంది. అప్పట్లో అది ఈజిప్టు అధీనంలోనే ఉండేది. అక్కడి నుంచి మదీనా వరకు, మళ్ళీ మదీనా నుంచి యన్బూ రేవు వరకు దారిని పరిశీలించి పటం గీయాలి. ఎక్కడెక్కడ మజిలీ చేయాలి, ఒక మజిలీకీ మరో మజిలీకీ ఒంటె నడకన ఎన్ని గంటలు, బావి ఎక్కడుంది, నీళ్ళు తియ్యనివా ఉప్పువా, దారి రాళ్ళా ఇసుకా - ఇవన్నీ రాసుకోవాలి. ఎడారిలో ప్రయాణించే హాజీకి ఈ లెక్కలే ప్రాణం. ఒక బావి ఎండిపోయిన సంగతి ముందుగా తెలియకపోతే బిడారం మొత్తం దాహంతో కూలిపోవచ్చు.

ఈ సామానుతోపాటు సాదిఖ్ తన కెమెరాను కూడా ఒంటె మీదికి ఎక్కించారు. కెమెరా అంటే ఈనాడు మన జేబుల్లో పెట్టుకు తిరిగేది గుర్తొస్తుంది. అప్పటి కెమెరా సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే ఈ మనిషి చేసిన పని బరువు మనకు తెలియదు.

ఆ రోజుల్లో ఫిల్మ్ లేదు. గాజు పలక మీద బొమ్మ పట్టేవారు. పలకను శుభ్రంగా తుడిచి దాని మీద కొలోడియన్ అనే జిగట పదార్థం పోయాలి. దూదిని ఆమ్లాల్లో శుద్ధి చేసి ఈథర్‌లోనూ ఆల్కహాలులోనూ కరిగిస్తే వచ్చేది అది. నిప్పు తగిలితే భగ్గుమంటుంది. ఎండకు ఈథర్ ఆవిరైపోతుంది. ఆ పలకను చీకట్లో వెండి కలిసిన ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి బొమ్మ తీయాలి. తీసిన వెంటనే మళ్ళీ చీకటి గుడారంలోకి పరుగెత్తి మందునీళ్ళతో కడగాలి. ఇదంతా కొద్ది నిమిషాల్లో అయిపోవాలి. పలక ఆరిందా, శ్రమ అంతా వృథా. చల్లని యూరప్ ఊళ్ళలోనే తలనొప్పి పని ఇది. ఇక హిజాజ్ ఎండలో, వేడిగాలిలో, ఎగిరే ధూళిలో పలక ఎంతసేపు తడిగా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఒక్క దుమ్ము రేణువు అంటుకున్నా బొమ్మ మీద మచ్చ పడుతుంది. కడగడానికి నీళ్ళు కావాలి. తాగే నీళ్ళే తోలు సంచుల్లో కొలతపెట్టి వాడుకునే చోట బొమ్మ కడగడానికి నీళ్ళు పారబోస్తే తోటి ప్రయాణికులు ఎలా చూసి ఉంటారో! ఇవన్నీ పోను, గాజు పలకలు ఒంటె మీద కుదుపులకు పగలకుండా ఇల్లు చేరాలి.

మదీనా చేరాక ఆయన రెండు పనులు పెట్టుకున్నారు. మొదటిది మస్జిదె నబవీ కొలతలు తీసి సరైన పటం గీయడం. సుల్తాన్ అబ్దుల్ మజీద్ 1849లో మొదలుపెట్టించిన మస్జిద్ పునర్నిర్మాణం అప్పుడే ముగింపుకు వచ్చింది. కాబట్టి కొత్త కట్టడాన్ని కొలిచి రాసిన తొలివారిలో సాదిఖ్ ఒకరయ్యారు. రెండవది ఫోటో. ఊరంతా ఒక్క బొమ్మలో రావాలంటే ఎత్తు కావాలి. ఆయన తోప్‌ఖానా, అంటే ఆయుధశాల, పైకప్పు ఎక్కారు. అక్కడి నుంచి చూస్తే గుంబద్, ఐదు మినార్లు, వాటితోపాటు బిడారాలు వచ్చి ఒంటెలను కూచోబెట్టే మనాఖా మైదానం కూడా కనిపిస్తాయి. గుంబద్‌ను మాత్రం దగ్గరగా, మస్జిద్ ఆవరణ లోపలి నుంచి తీశారు. ఈ యంత్రంతో ఈ దృశ్యాలను తనకన్నా ముందు ఎవరూ తీయలేదని ఆయన తన ప్రయాణ వివరాల్లో రాసుకున్నారు. అది గొప్పలు చెప్పుకోవడం కాదు. కొలతలు రాసే చేత్తోనే రాసిన ఒక వివరం. తర్వాతి పరిశోధకులూ దాన్ని కాదనలేదు.

ఆ బొమ్మలో గుంబద్ పచ్చగా ఉండదు. రంగుల ఫోటోలు ఇంకా పుట్టలేదు కదా. బూడిద, గోధుమ కలిసిన వర్ణంలో ఉంటుంది. అయినా మదీనాను కళ్ళారా చూడని వేలాది మందికి దాన్ని ఉన్నది ఉన్నట్టుగా చూపించిన మొదటి బొమ్మ అది. అంతకుముందు దుఆల పుస్తకాల్లోనూ, పింగాణీ పలకల మీదా గీసిన బొమ్మలుండేవి. అవి భక్తితో గీసినవే. కానీ మినారు ఎంత ఎత్తు, గోడ ఎంత దూరం అని వాటిని అడిగితే జవాబు రాదు.

ఇక్కడ ఒక ప్రశ్న పాఠకులకు తట్టకుండా ఉండదు. తస్వీర్ విషయంలో మన ఉలమాల మధ్య ఉన్న భేదాభిప్రాయం తెలిసిందే. ఆ కాలంలో ఫోటో అనేది కొత్త వస్తువు. అది చేత్తో గీసిన బొమ్మ లాంటిదేనా, లేక అద్దంలో పడే నీడ లాంటిదా అన్న చర్చ అప్పటికి తేలలేదు. ఈజిప్టు ముఫ్తీ అయిన షేక్ ముహమ్మద్ బఖీత్ ఫోటో అంటే ఉన్న నీడను పట్టి నిలపడమేనని వాదిస్తూ, దాన్ని అనుమతిస్తూ రచన చేసినది ఆ తర్వాత చాలా ఏళ్ళకు, 20వ శతాబ్దంలో. సాదిఖ్ నాటికి అలాంటి ఆసరా ఏదీ లేదు. ఆయన బొమ్మలు చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. వాటిలో ఎక్కువ కట్టడాలు, గుడారాలు, కొండలు, దూరం నుంచి కనిపించే జనసమూహాలు. మనిషి ముఖానికి ఎదురుగా కెమెరా పెట్టింది కొద్దిసార్లే. ఆ కొద్దిసార్లూ వారు ఇష్టపడి కూచున్నవే. కాబా తాళపుచెవి సంరక్షకులైన షేక్ ఉమర్ అల్ షైబీ గారి ఫోటో అలాంటిదే. ఆరాధనలో ఉన్నవారి మీదికి యంత్రాన్ని తోసుకుపోవడం ఆయన పద్ధతి కాదనిపిస్తుంది మాకు. ఈ రోజుల్లో తవాఫ్ మధ్యలో ఆగి, వెనకవారిని ఆపి, చెయ్యి చాచి తమ ఫోటో తామే తీసుకునేవారిని చూస్తే ఆ తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

మక్కా వంతు రావడానికి 19 ఏళ్ళు పట్టింది. 1880లో, అంటే హిజ్రీ 1297లో, ఈజిప్టు మహ్మల్ వెంట సాదిఖ్‌ను అమీనుస్సుర్రాగా పంపారు. మహ్మల్ అంటే ఒంటె మీద జరీపనితో అలంకరించిన పల్లకి లాంటిది. కైరోలో నేసిన కాబా కిస్వా ఏటా ఈ బిడారంతోనే వెళ్ళేది. సుర్రా అంటే డబ్బు మూట. హరమైన్‌లోని సేవకులకు, పేదలకు, హక్కుదారులకు చెల్లించే సొమ్ము, దారిలో బిడారాన్ని క్షేమంగా సాగనిచ్చినందుకు బదూ తెగలకు ఇచ్చే సొమ్ము అంతా ఆ మూటలోదే. ఆ సొమ్ముకు జవాబుదారీ సాదిఖ్. ఎవరికైనా ముట్టవలసింది ముట్టకపోతే దారి మూసుకుపోతుంది, హాజీల ప్రాణాలకే ముప్పు. రాత్రి దీపం దగ్గర లెక్కలు, పగలు ఒంటె నడక, మజిలీలో గాజు పలకలు. ఇలా సాగింది ఆ ప్రయాణం. అదీ పూర్తిగా భూమార్గాన, సీనాయ్ ఎడారి మీదుగా.

మక్కాలో కూడా ఆయన ఎత్తైన చోట్లే వెతుక్కున్నారు. మస్జిదుల్ హరామ్ ఒక్క పలకలో పట్టదు. అందుకని కెమెరాను కొంచెం కొంచెం తిప్పుతూ వరుసగా పలకలు తీసి, తర్వాత పక్కపక్కన అతికించి విశాలమైన దృశ్యం తయారుచేశారు. ఆ పలకలకు వెలుతురు అందడానికి కొన్ని క్షణాలు పట్టేది. ఆలోపు కదిలిన మనిషి పొగలా చెదిరిపోతాడు. నమాజులో నిలబడ్డ బారులు మాత్రం కదలవు. కాబా చుట్టూ సఫ్‌లు కట్టి ఉన్న జనాన్ని చూపించే ఆయన ఫోటో అంత స్పష్టంగా రావడానికి కారణం అదేనని మేము అనుకుంటున్నాము. అరఫాత్, మినా గుడారాలను కూడా తీశారు. మదీనాలో ఈసారి షేఖుల్ హరమ్ షౌకత్ పాషాను ఫోటో తీశారు.

ఈ బొమ్మలు ఈనాడు మనకెందుకు ముఖ్యమో అర్థం కావాలంటే వాటిలో ఉన్నవి ఇప్పుడు ఎన్ని ఉన్నాయో చూడాలి. కాబా దగ్గర నాలుగు మజ్‌హబ్‌ల ఇమాముల కోసం నిలిచిన నాలుగు మఖామ్‌లు ఆ ఫోటోల్లో ఉన్నాయి. జమ్‌జమ్ బావి మీద భవనం ఉంది. మస్జిద్ గోడకు ఆనుకుని అంతస్తుల ఇళ్ళు ఉన్నాయి. హరమ్‌కు అప్పటి ఏడు మినార్లు ఉన్నాయి. 20వ శతాబ్దంలో హాజీల రద్దీకి తగినట్టు విస్తరణ జరిగినప్పుడు ఇవన్నీ ఒకటొకటిగా వెళ్ళిపోయాయి. మన ముత్తాతల కాలంలో బొంబాయిలో ఓడెక్కి జిద్దాలో దిగి హజ్ చేసివచ్చిన మన ప్రాంతపు వారు చూసిన మక్కా అదే. ఇంటికి వచ్చి వారు చెప్పిన మాటలు వారితోనే పోయాయి. ఆ మక్కా రూపం సాదిఖ్ పలకల మీద మిగిలింది.

1881లో వెనిస్ నగరంలో జరిగిన అంతర్జాతీయ భూగోళ ప్రదర్శనలో ఈ చిత్రాలకు బంగారు పతకం వచ్చింది. సాదిఖ్ తన ప్రయాణాలను పుస్తకాలుగా కూడా రాశారు. 1861 నాటి దారి వివరాలు 1877లో, 1880 నాటి భూమార్గ ప్రయాణం మష్అలుల్ మహ్మల్ పేరుతో ఆ తర్వాత వచ్చాయి. మరోసారి మహ్మల్ వెంట సముద్ర మార్గాన వెళ్ళివచ్చి కౌకబుల్ హజ్ రాశారు. చివరగా హాజీలకు దారి చూపించే దలీలుల్ హజ్. ఈ పుస్తకాల్లో ఆయన కవిత్వం జోలికి పెద్దగా పోలేదు. ఎన్ని గంటలు, ఎన్ని మీటర్లు, ఎంత వేడి - అంతా ఇదే. చదివేవారికి కొంచెం పొడిగా అనిపించినా, ఏ మజిలీలో నీళ్ళు దొరుకుతాయో తెలుసుకోగోరే హాజీకి కావలసింది అదే.

ఇంత చేసినా పేరు మాత్రం నిలవలేదు. హాలెండ్ పండితుడు స్నూక్ హుర్‌ఖ్రోన్యె 1885లో మక్కాలో కొన్ని నెలలుండి, 1888లో మక్కా చిత్రాల సంపుటి వేశాడు. యూరప్‌లో చాలాకాలం మక్కా తొలి ఫోటోలంటే ఆ సంపుటివే అనుకున్నారు. ఆ మరుసటి ఏడు అతను వేసిన రెండో సంపుటిలోని ఫోటోలు తీసిందీ మక్కావాసి అయిన ఒక వైద్యుడే. ఆయన సయ్యద్ అబ్దుల్ గఫ్ఫార్. మక్కాలో పుట్టినవారిలో తొలి ఛాయాచిత్రకారుడాయన. పలకల మీద ఆయన చేసుకున్న సంతకాన్ని చెరిపి మరీ అచ్చువేశారు. సాదిఖ్ పేరు చెరిపింది ఎవరూ లేరు గాని, పట్టించుకున్నవారూ తక్కువే. ఆయన పలకల అసలు ప్రతులు ఎక్కడెక్కడి గ్రంథాలయాలలోనో, ధనవంతుల సేకరణలలోనో చేరాయి. వాటిని వెతికి, ఏది ఎవరిదో తేల్చే పని 20వ శతాబ్దం చివరికి గాని ఊపందుకోలేదు.

మన దేశానికీ ఈ కథలో ఒక చిన్న భాగం ఉంది. 20వ శతాబ్దం తొలి దశకంలో ఢిల్లీ చాందినీ చౌక్‌కు చెందిన హెచ్.ఎ. మీర్జా అనే ఫోటోగ్రాఫరు హజ్‌కు వెళ్ళి మక్కా, మదీనా చిత్రాలు తీసుకువచ్చి మన దేశంలో అమ్మారు. హాజీల ఇళ్ళకు, హజ్‌కు పోలేని పేదల ఇళ్ళకు హరమైన్ ఫోటోలు అలా రాసాగాయి. తర్వాత అచ్చు పటాలు వచ్చాయి, రంగులు వచ్చాయి, జరీ అంచు ఫ్రేములు వచ్చాయి.

సాదిఖ్‌కు చివరి దశలో పాషా బిరుదు వచ్చింది. కైరో భూగోళ సంఘంలో సభ్యులుగా ఉండి, 1902లో కన్నుమూశారు. ఆయుధశాల పైకప్పు మీది నుంచి ఆయన చూసిన మనాఖా మైదానంలో ఇప్పుడు ఒంటెలు లేవు. మదీనా చుట్టూ అప్పుడున్న ప్రాకారమూ లేదు. గుంబద్ మాత్రం ఆయన పలక మీద ఎక్కడ ఉందో అక్కడే ఉంది.